ఆ ఫోర్త్ డౌన్ గురించే మళ్ళీ

పొద్దున లేచేసరికి డ్రైవ్‌వే నిండా మంచు, అదంతా తీసి లోపలికొచ్చి ఇడ్లీలు పెట్టేసరికి పదకొండు దాటింది, ఆదివారమే కదా అని ఎవరూ తొందరపెట్టలేదు. సీజన్ అయిపోయాక మిషిగన్‌లో ఆదివారాలు అస్సలు గడవవు. బట్టలు మడతపెడుతూ టీవీలో మా డెట్రాయిట్ ఫుట్‌బాల్ టీమ్ లయన్స్ పాత మ్యాచ్ పెట్టుకున్నా, 2023 సీజన్‌ది, 2024 జనవరి 28న శాంటా క్లారాలో శాన్‌ఫ్రాన్సిస్కో నైనర్స్‌తో ఆడిన ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్, గెలిచినవాళ్ళు ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి వెళ్తారు. మావాడు పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ "ఫీల్డ్ గోల్ కొట్టొచ్చు కదమ్మా, ఎందుకు కొట్టలేదు" అన్నాడు. అప్పటికేదో చెప్పాను గానీ రాత్రయినా బుర్రలో అదే తిరుగుతోంది.

హాఫ్‌టైమ్‌కి 24-7, లీడ్ మనదే. ఇంకొక్క హాఫ్ నిలబడితే లయన్స్ చరిత్రలో మొదటి సూపర్ బౌల్. థర్డ్ క్వార్టర్‌లో వాళ్ళు మూడు పాయింట్లు తెచ్చుకున్నారు, 24-10, తర్వాత బంతి మన దగ్గర, వాళ్ళ 28 యార్డ్ లైన్ మీద, ఫోర్త్ అండ్ టూ. అంటే నాలుగో ప్రయత్నం, ఆఖరి ఛాన్స్, రెండు యార్డులు కావాలి, రాకపోతే బంతి వాళ్ళకి. ఫీల్డ్ గోల్ కిక్ కొడితే 46 యార్డులు, గోల్ పోస్టుల మధ్య పడితే మూడు పాయింట్లు. కోచ్ డాన్ క్యాంప్‌బెల్ కిక్ వద్దన్నాడు. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) గాఫ్ విసిరిన బంతి మన జాష్ రేనాల్డ్స్ చేతుల్లోంచి జారిపోయింది. ఆ తర్వాతది ఇప్పటికీ సరిగ్గా చూడలేను, వాళ్ళ ఐయుక్ కోసం వేసిన లాంగ్ పాస్ మన విల్డోర్ హెల్మెట్‌కి కొట్టుకుని పైకి లేచి మళ్ళీ ఐయుక్ చేతిలోకే వెళ్ళింది, 51 యార్డులు, కాసేపటికే టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించారు), ఆ వెంటనే మన గిబ్స్ ఫంబుల్, బంతి చేజారి వాళ్ళకి పోయింది, చూస్తుండగానే 24-24. నాలుగో క్వార్టర్‌లో ఇంకో ఫోర్త్ డౌన్, అక్కడా కిక్ కొట్టలేదు, అదీ పోయింది. 34-31తో ఓడిపోయాం.

మర్నాటి నుంచి ఆఫీసులో, గుళ్ళో, ఎక్కడ చూసినా ఒకటే మాట, ఆ ఆరు పాయింట్లు తీసుకుని ఉంటేనా అని. నేను ఒప్పుకోను, అప్పుడూ ఒప్పుకోలేదు. క్యాంప్‌బెల్ ఆ ఒక్కరోజే అలా ఆడించాడా? సీజన్ మొదటి రాత్రి, సెప్టెంబర్ 7న, ఛాంపియన్లు కాన్సాస్ సిటీ చీఫ్స్ మీద, వాళ్ళ ఊళ్ళో, మన సొంత 17 యార్డ్ లైన్ దగ్గర పంట్ కొడతారనుకుంటే, అంటే బంతిని దూరంగా తన్ని వాళ్ళకిచ్చేస్తారనుకుంటే, ఫేక్ చేసి ముందుకెళ్ళారు, ఆ దాడి టచ్‌డౌన్‌తో ముగిసింది, మ్యాచ్ 21-20తో గెలిచాం. నవంబర్‌లో ఛార్జర్స్ మీదైతే 38-38, రెండు నిమిషాలు కూడా లేవు, వాళ్ళ 26 యార్డ్ లైన్, ఫోర్త్ అండ్ టూనే! అప్పుడూ కిక్ వద్దన్నాడు, మన లాపోర్టా పట్టాడు, టైమంతా తినేసి ఆఖరి కిక్‌తో 41-38. ఆ రోజు దమ్మున్న కోచ్ అన్నవాళ్ళే జనవరిలో తెలివిలేదన్నారు. అదే పరిస్థితి, అదే నిర్ణయం, రెండు యార్డుల తేడా, బంతి ఒకసారి చేతిలో ఆగింది ఒకసారి ఆగలేదు, అంతే కదా.

అసలు ఈ టీమ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. 2008లో ఆడిన 16కి 16 ఓడిపోయినవాళ్ళు. 1957 తర్వాత ఛాంపియన్లు కాలేదు. మా పక్కింటి పెద్దాయన ఎన్నేళ్ళుగానో చూస్తున్నారు, వాళ్ళ నాన్నగారితో లయన్స్ అప్పట్లో ఆడిన పోంటియాక్ స్టేడియంకి వెళ్ళేవారట. ఆ 2023 సీజన్‌లో క్రిస్మస్ ముందురోజు మినియాపొలిస్‌లో 30-24తో గెలిచి 30 ఏళ్ళకి డివిజన్ టైటిల్ తెచ్చినప్పుడు ఆయన ఆ చలిలో బయటికొచ్చి మా తలుపు కొట్టి మరీ చెప్పారు, మేం కూడా చూస్తున్నామని తెలిసీ.

ఇంక 2024 జనవరి 14, మన సొంత స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్‌లో లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో ప్లేఆఫ్, అంటే నాకౌట్ మ్యాచ్. అవతల క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్, 12 సీజన్లు మన దగ్గరే ఆడి ఒక్క ప్లేఆఫ్ గెలుపు కూడా చూడకుండా వెళ్ళినవాడు. ఇవతల జేరెడ్ గాఫ్, సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళినా అతన్ని రామ్స్ 2021లో వద్దనుకుని స్టాఫర్డ్ కోసం ఇచ్చేశారు. స్టాఫర్డ్ అద్భుతంగా ఆడాడు ఆ రాత్రి, నాకు అతని మీద కోపం ఎప్పుడూ లేదు, అక్కడికెళ్ళి సూపర్ బౌల్ రింగ్ గెలిచినప్పుడు సంతోషించాను కూడా. చివర్లో గాఫ్ నుంచి అమోన్-రా సెయింట్ బ్రౌన్‌కి పాస్, ఫస్ట్ డౌన్, అంటే బంతి ఇంక మన దగ్గరే, అయిపోయింది, 24-23, 32 ఏళ్ళ తర్వాత ఒక ప్లేఆఫ్ గెలుపు. స్టేడియం మొత్తం "జేరెడ్ గాఫ్, జేరెడ్ గాఫ్" అని అరుస్తుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఒక ఊరు వద్దనుకున్న మనిషిని ఇంకో ఊరు అలా పేరు పెట్టి పిలుచుకోవడం, అబ్బ.

రేనాల్డ్స్ విషయం కూడా మావాడికి రేపు చెప్పాలి. ఆ నైనర్స్ మ్యాచ్‌కి వారం ముందు టాంపా బే బక్స్ మీద 31-23తో గెలిచిన మ్యాచ్‌లో టచ్‌డౌన్ పట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు, ఆ క్యాచ్ ఎవరూ తలుచుకోరు. మళ్ళీ ఆ 28 యార్డ్ లైన్ దగ్గర నిలబడితే నేనూ కిక్ వద్దనే అంటాను, బంతి అతనికే వెయ్యమంటాను.