64 బారల నుంచి 47కి

మాది కడప జిల్లాలో ఒక పల్లె. నడుముకు సొరకాయ బుర్ర కట్టి మా మామ బావిలోకి తోసేస్తే వచ్చిన ఈత నాది. అందుకే నలభై దాటాక, నడుం నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే, నాకు కొత్తగా నేర్పేదేముందిలే అనుకుంటూ బెంగళూరు బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్‌లో దిగాను. బావి వేరు, 50 మీటర్ల పూల్ వేరు. సగానికే ఆయాసం. పక్క లేన్‌లో అరవై దాటిన పెద్దావిడ మాత్రం చప్పుడు లేకుండా పోయి వస్తూనే ఉంది. పౌరుషం పొడుచుకొచ్చి నెల రోజులు నీళ్లను బాదాను. భుజం పట్టేసింది, దూరం పెరగలేదు.

ఇక కోచ్ దగ్గరికి వెళ్లాను. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. "ఏం సార్, నీళ్లతో జగడమా?" అన్నాడు. బారలు, అంటే పూల్ ఒక పొడవు దాటేలోగా ఎన్నిసార్లు చేతులు వేస్తున్నానో, లెక్కపెట్టమన్నాడు. ఎంత తక్కువైతే ఈత అంత సాఫీ అన్నమాట. ఒక పొడవుకు 64.

లోపం తలలో ఉందన్నాడు. ఎగతాళి కాదు, నిజంగా తలలోనే. బావిలో ఎదుటి గట్టు చూస్తూ తలెత్తి ఈదిన అలవాటు. తల లేస్తే నడుమూ కాళ్లూ దిగిపోతాయి. నీళ్లు గాలికంటే దాదాపు 800 రెట్లు బరువు. వేగం రెండింతలు చేయబోతే వాటి అడ్డు నాలుగింతలవుతుంది. అందులో కాళ్లు వేలాడేసుకుని ఈదుతున్నాను నేను!

"అడుగున నల్ల గీత చూడండి సార్, చాలు." చూస్తే ఊపిరాడదు. ముఖం బయటికొచ్చిన ఆ క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేస్తున్నానట. వారం పాటు గట్టు పట్టుకుని నీళ్లలో బుడగలు వదిలాను, పిల్లల బ్యాచ్ కిసుక్కుమంటుంటే.

తర్వాత పిడికిళ్లు బిగించి ఈదమన్నాడు. అరచేయి లేదు కాబట్టి చెయ్యి జారిపోతుంది. చేసేది లేక మోచెయ్యి పైనుంచి, ముంజేతితోనే నీళ్లను పట్టి వెనక్కి నెట్టాల్సి వచ్చింది. నాలుగు పొడవులయ్యాక వేళ్లు విప్పితే, అబ్బ, అరచేయి చాటంత అనిపించింది.

మూడు నెలలకు 47. ఎడమవైపు ఊపిరి తీసేటప్పుడు తల ఇంకా లేస్తోంది, ముక్కులోకి నీళ్లు పోని రోజు లేదు. మొన్న గట్టు మీద కూర్చుని ఆ పెద్దావిడ బారలు లెక్కపెట్టాను. 41.