నియమగిరి తీర్పును మళ్లీ చదివాక

ఒడిశాలోని రాయగడలో మా ఇంటికి నాగావళి దగ్గరే. నియమగిరి కొండ వాగులు కొన్ని నాగావళిలోను, కొన్ని వంశధారలోను కలిసి శ్రీకాకుళం పొలాల దాకా ప్రవహిస్తాయి. అందుకే ఆ కొండ మీద బాక్సైటు (అల్యూమినియం ఖనిజం) తవ్వకాలపై నడిచిన వ్యాజ్యాన్ని నేనెన్నడూ పరాయి సంగతిగా చూడలేకపోయాను.

అందులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఈ వారం మళ్లీ చదివాను. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కాపాడేది సాగుభూమిని మాత్రమే కాదని, కొండపై నియమరాజును కొలిచే డోంగ్రియా కోంధు గిరిజనుల ఆరాధనా హక్కును కూడా గ్రామసభే పరిశీలించాలని న్యాయస్థానం చెప్పడం నాకు ఇప్పటికీ అపురూపంగా తోస్తుంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఉండగా మా జిల్లాలో 7, కలహండిలో 5 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ గనులు వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతిని నిరాకరించింది.

నన్ను కలవరపెడుతున్నవి 2022 నాటి అటవీ సంరక్షణ నియమాలు. అటవీ భూమిని గనుల వంటి పనులకు ఇచ్చేందుకు కేంద్రం తుది ఆమోదం తెలిపిన తరువాత, అటవీ హక్కుల చట్టం అమలును, అంటే పల్లెల హక్కులు తేల్చే పనిని, రాష్ట్రం చూసుకోవాలని అవి నిర్దేశించాయి. నియమగిరిలో పల్లెలను అడిగిన తరువాతే కేంద్రం నిర్ణయం తీసుకుంది. ఈ నియమాలు ఆ వరుసనే తిరగవేశాయి.