షికాగో ఇంటి లింక్ డాక్యుమెంట్లలో జాతి నిషేధం: వెతికి కొట్టేయించిన పద్ధతి

షికాగోలో పాత ఇల్లు కొంటే, యాజమాన్య హక్కుకి ఇన్సూరెన్స్ చేసే టైటిల్ కంపెనీ ముందుగా ఇచ్చే కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి అనే భాగం ఉంటుంది. ఇన్సూరెన్స్ వర్తించని విషయాలన్నీ అందులో వరుసగా రాస్తారు: కరెంటు స్తంభాలకి వదిలిన జాగా, పాత సెట్‌బ్యాక్ షరతులు, కట్టాల్సిన పన్నులు. వాటి మధ్య ఎవరూ చదవని వాక్యం ఒకటి ఉంటుంది. జాతి, రంగు, మతం లాంటివాటి మీద పెట్టిన షరతులు ఏవైనా ఉంటే వాటిని ఇక్కడ చేర్చలేదు అని. అంటే అలాంటివి ఉన్నాయో లేదో కంపెనీ మనకు చెప్పదు. సౌత్ సైడ్ అనే దక్షిణ భాగంలోని వుడ్‌లాన్ పేటలో, అరవై మూడో వీధికి ఉత్తరాన పాత గ్రేస్టోన్ (బూడిదరంగు రాతి ముఖం) ఇల్లు తీసుకున్నాక, ఆ వాక్యం వెనక ఏముందో తేల్చుకోవడానికి నేను పట్టిన దారి రాస్తున్నాను. ఈ నగరంలో జాతి వివక్ష ఇంకా ఉందా అని అడిగేవాళ్ళు ఈ కాగితాలు ఒకసారి తిరగేస్తే చాలు, వాదన అక్కర్లేదు.

ముందు ఏం వెతుకుతున్నామో తెలియాలి. ఫలానా పేటలో ఫలానా జాతివాళ్ళు ఇళ్ళు కొనకూడదని నగరాలు చట్టం చేయడం చెల్లదని 1917లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఆ పని ప్రైవేటు ఒప్పందాలకి మారింది. షికాగో రియల్ ఎస్టేట్ బోర్డు కోసం నేథన్ మెక్‌చెస్నీ అనే లాయరు 1927లో ఒక నమూనా ఒప్పందం రాసిపెట్టాడు. పేటల సంఘాలు దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించాయి. అందుకే షికాగోలో ఈ షరతు రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, లేఅవుట్ వేసినవాడు అమ్మేటప్పుడే దస్తావేజులో రాసినది. రెండోది, ఇళ్ళు కట్టిన చాలా ఏళ్ళకి యజమానులంతా కలిసి చేసుకుని రిజిస్టర్ చేయించిన ఒప్పందం. సౌత్ సైడ్‌లో ఎక్కువగా తగిలేది రెండోదే. మీ ఇంటి దస్తావేజు ఎన్నిసార్లు చదివినా అందులో ఇది కనపడదు, విడిగా వెతకాల్సిందే.

వెతకడానికి పిన్ నంబరు ఒక్కటే సరిపోదు. కుక్ కౌంటీలో ప్రతి స్థలానికీ 14 అంకెల పిన్ ఉంటుంది. మొదటి రెండంకెలు టౌన్‌షిప్ ప్రాంతం, తర్వాతి రెండు సెక్షన్, మూడు బ్లాకు, మూడు పార్సెల్, చివరి నాలుగు యూనిట్. విడి ఇల్లయితే చివర నాలుగూ సున్నాలే. వుడ్‌లాన్‌లో 20తో మొదలై, మీది కాటేజ్ గ్రోవ్‌కి ఏ పక్కనో బట్టి 14, 15 లాంటి సెక్షన్ అంకె వస్తుంది. కంప్యూటర్లో పిన్ కొడితే 1985 అక్టోబరు నుంచి జరిగిన లావాదేవీలే వస్తాయి. మనకు కావలసినవి 1920లవి. వాటికి ట్రాక్ట్ పుస్తకాలు చూడాలి. డౌన్‌టౌన్‌లో 118 నార్త్ క్లార్క్ వీధిలోని కౌంటీ భవనంలో ఉంటాయి. దస్తావేజులు నమోదుచేసే రికార్డర్ కార్యాలయం 2020 డిసెంబరులో కౌంటీ క్లర్క్ కార్యాలయంలో కలిసిపోయింది కాబట్టి బోర్డు మీద పాత పేరు వెతక్కండి.

ట్రాక్ట్ పుస్తకం మన ఈసీ లాంటిది, కాకపోతే బైండు పుస్తకం, చేతిరాత. అందులో పిన్ ఉండదు. వెతకాలంటే సబ్‌డివిజన్ పేరు, బ్లాకు, లాటు, ఇంకా సెక్షన్, టౌన్‌షిప్, రేంజి అనే సర్వే నంబర్లు మన దగ్గర ఉండాలి. ఇవన్నీ మీ డీడ్‌లోని లీగల్ డిస్క్రిప్షన్‌లో ఉంటాయి, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని వెళ్ళాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినేది రీసబ్‌డివిజన్ దగ్గర. ఒక బ్లాకుని మళ్ళీ విడగొట్టినప్పుడు లాటు నంబర్లు మారతాయి. ఇవాళ్టి లాటు 7 అప్పటి లాటు 12లో ఉత్తరపు ముప్పై అడుగులు అయివుండొచ్చు. పాత ప్లాట్ మ్యాపు ముందు పెట్టుకుని రెండు నంబర్ల కిందా చూడాలి. 1871 అగ్నిప్రమాదంలో అంతకుముందు రికార్డులు కాలిపోయాయి గనక వరుస దాని తర్వాతే మొదలవుతుంది.

పుస్తకంలో కొన్ని దశాబ్దాల పాటు ఒక్క ఎంట్రీ కూడా లేకపోతే ఆ ఇల్లు చేతులు మారలేదని అనుకోకండి. ఆ స్థలం టారెన్స్ పద్ధతిలో, అంటే యాజమాన్యానికి కౌంటీయే సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిలో, నమోదై ఉండొచ్చు. కుక్ కౌంటీలో 1897 నుంచి 1990ల దాకా ఆ పద్ధతి విడిగా నడిచింది, దాని రికార్డులూ వేరే.

ప్రతి ఎంట్రీలో ఇచ్చినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు, దస్తావేజు రకం, తేదీ, డాక్యుమెంట్ నంబరు ఉంటాయి. వారంటీ డీడ్లు (అమ్మకాలు), ట్రస్ట్ డీడ్లు (తనఖాలు), రిలీజులు (తనఖా తీరినవి) పక్కన పెట్టి, 1925కీ 1948కీ మధ్య అగ్రిమెంట్ అని ఉన్నవాటిని ఏరుకోవాలి. ఇచ్చినవాళ్ళ పేరు చోట ఒకరి పేరూ 'మరియు ఇతరులు' అనీ ఉంటే ఆశలు పెంచుకోవచ్చు. పక్క లాట్ల కింద కూడా అదే నంబరు ఉంటే ఇక అనుమానం లేదు. ఆ నంబరుతో మైక్రోఫిల్మ్ కాపీ అడగాలి. మొత్తం పేజీలు అడగండి, ఒక్కటి కూడా వదలొద్దు. తర్వాత దరఖాస్తుకి పూర్తి కాపీ కావాలి, సగం కాపీతో వెళితే మళ్ళీ మొదటికే.

కాగితం చేతికొచ్చాక చదివేది నల్లటి పుట మీద తెల్లక్షరాలు. అసలు నిషేధం రెండు మూడు పేరాల్లో అయిపోతుంది, మిగిలినదంతా సంతకాలూ లాట్ల వర్ణనలూ నోటరీ ముద్రలూ. మెక్‌చెస్నీ నమూనాలో నల్లజాతివాళ్ళు ఈ ఇంటిని కొనకూడదు, అద్దెకుండకూడదు, వాడకూడదు అని ఉంటుంది. నల్లజాతివాళ్ళంటే ఎవరో కూడా రాశారు: ఎనిమిదో వంతు, లేదా అంతకు మించి ఆ రక్తం ఉన్నవాళ్ళు. వెంటనే ఒక మినహాయింపు. జానిటర్లు, కారు డ్రైవర్లు, ఇంటి పనివాళ్ళు అయితే, నిజంగా ఆ పనిలో ఉన్నంతకాలం, బేస్‌మెంట్‌లోనో వెనక కొట్టంలోనో గ్యారేజీలోనో ఉండొచ్చు. ఊరూ వాడా ఎరిగిన మనకు ఈ మినహాయింపు అర్థం విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకో షరతు మీద కూడా కన్నెయ్యాలి. రోడ్డు వైపు స్థలాల పొడవు లెక్కన ఇంత శాతానికి యజమానులు సంతకం చేస్తేనే ఒప్పందం అమల్లోకి వస్తుంది అని ఉంటుంది. మా పక్కనే వాషింగ్టన్ పార్క్ సబ్‌డివిజన్ ఒప్పందంలో అది 95 శాతం. 1937లో కార్ల్ హాన్స్‌బెర్రీ అనే నల్లజాతి వ్యాపారి 6140 సౌత్ రోడ్స్ అవెన్యూలో ఇల్లు కొంటే, ఈ ఒప్పందం చూపించే ఖాళీ చేయించాలని కేసు వేశారు. విచారణలో లెక్క తీస్తే సంతకాలు పడింది సుమారు 54 శాతానికే. అంతకుముందు వేరే కేసులో 95 శాతం అయిందని రెండు పక్షాలూ ఒప్పేసుకున్నాయి కాబట్టి ఇక ప్రశ్నించకూడదని ఇలినాయ్ కోర్టులు అన్నాయి. 1940లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అయితే ఆ కేసులో భాగం కానివాళ్ళని ఆ తీర్పు కట్టిపడేయదన్న కారణంతో మాత్రమే. ఇలాంటి షరతు తప్పా ఒప్పా అన్న జోలికి పోలేదు. ఈ పేటల సంఘాలకి యూనివర్సిటీ ఆఫ్ షికాగో డబ్బు సాయం చేసిందన్నదీ రికార్డులో ఉన్న విషయమే.

ఇక కొట్టేయించడం. ఈ షరతులు కోర్టుల ద్వారా అమలుచేయడం 1948లో షెల్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ఆగింది, 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టంతో అసలుకే నిషేధమయ్యాయి. చాలా ఒప్పందాలకి గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది. కానీ కాగితం రికార్డులో అలాగే ఉంటుంది. దాన్ని సవరించుకునే వీలు ఇలినాయ్ చట్టంలో 2022 జనవరి 1 నుంచి వచ్చింది. యజమానే దాఖలు చేయాలి, అద్దెకున్నవాళ్ళు చేయలేరు. కాండో (సొంత ఫ్లాటు) అయితే అసోసియేషన్ చేయొచ్చు. కావలసినవి ఇవి: అసలు ఒప్పందం పూర్తి కాపీ, అందులో అక్రమ వాక్యాల మీద గీత, సవరణ కోరే పిటిషన్, మీ లీగల్ డిస్క్రిప్షన్, పిన్, నోటరీ ముందు సంతకం. క్లర్క్ కార్యాలయం దాన్ని కౌంటీ ప్రభుత్వ న్యాయవాది అయిన స్టేట్స్ అటార్నీకి పంపిస్తుంది. అక్కడ 30 రోజుల్లోగా ఇది అక్రమ షరతేనని తేలిస్తే వెనక్కి వచ్చి రిజిస్టర్ అవుతుంది. ఫీజు 10 డాలర్లకు మించకూడదు. ఇంత తక్కువలో అయ్యే రిజిస్ట్రేషన్ పని ఈ దేశంలో ఇంకోటి నేను చూడలేదు.

దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా చిన్న కారణాలకే. గీత అక్షరాల మీదుగా సన్నగా వెళ్ళాలి. నల్ల మార్కర్‌తో పూసేస్తే కింద ఏముందో చదవడానికి ఉండదు, ఏం కొట్టేశారో తేల్చడం కుదరదు. ఫోటోస్టాట్ నల్లపుట మీద గీస్తే అదీ కనపడదు. ముందు రంగులు తిరగేసి తెల్లపుట చేసుకుని, ఎనిమిదిన్నర బై పదకొండు అంగుళాల కాగితం మీద తీసి, అప్పుడు గీయాలి. మీరు టైపు చేసే పేజీల్లో అక్షరాలు 10 పాయింట్లకు తగ్గకూడదు, చుట్టూ అరంగుళం మార్జిన్, మొదటి పేజీ కుడివైపు పైన మూడు బై అయిదు అంగుళాల ఖాళీ వదలాలి. లేఅవుట్ దస్తావేజు అయితే అదే పేరాలో సారా దుకాణం పెట్టకూడదనో, ఇల్లు రోడ్డుకి ఇన్ని అడుగులు వెనక్కి ఉండాలనో కూడా ఉంటుంది. అవి చట్టబద్ధమైనవే, వాటిని తాకకూడదు. వాటినీ కలిపి కొట్టేస్తే బాధ్యత దాఖలు చేసినవాళ్ళ మీదే పడుతుంది.

ఇదంతా చేసినా పాత కాగితం పుస్తకంలోంచి పోదు. కొత్త దస్తావేజు దాని పక్కన చేరుతుంది, అంతే. చరిత్రని తుడిచేస్తారని భయపడి వద్దనేవాళ్ళున్నారు. ఈ పద్ధతిలో ఆ భయానికి చోటు లేదని నా అభిప్రాయం.

ట్రాక్ట్ పుస్తకం మూసేముందు 1950, 60ల ఎంట్రీలు కూడా చూడమంటాను. షరతులకి కోర్టు బలం పోయాక పేటలు మారాయి, కానీ నల్లజాతివాళ్ళు ఉండే చోట్లకి బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. అప్పు ఇవ్వడానికి ఏ పేట ఎంత భద్రమో చూపే 1940 నాటి ప్రభుత్వ మ్యాపులో ఆ పేటలకి ఎర్ర రంగు, డి గ్రేడు. అప్పు దొరకనివాళ్ళకి దళారులు కాంట్రాక్టు మీద ఇళ్ళు అమ్మారు. ఆఖరి వాయిదా కట్టేదాకా డీడ్ చేతికి రాదు. ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. ఇవి చాలామటుకు రిజిస్టర్ కాలేదు గనక ఆ కుటుంబాల పేర్లు పుస్తకంలో ఉండవు. కనిపించేదల్లా ఫలానా నంబరు ల్యాండ్ ట్రస్టు, దాని వెనక అసలు యజమాని ఎవరో తెలియదు. దళారి ఎంతకు కొన్నాడో మాత్రం పట్టుకోవచ్చు. 1940 నుంచి 1967 దాకా డీడ్ మీద అంటించిన ఫెడరల్ స్టాంపుల లెక్క 500 డాలర్లకు 55 సెంట్లు. 16 డాలర్ల 50 సెంట్ల స్టాంపులుంటే 15,000 డాలర్లకు కొన్నట్టు (పాత తనఖాని కొన్నవాడే మోసేట్టయితే ఆ మొత్తం ఇందులో కలవదు). నార్త్ లాన్‌డేల్‌లో 1968లో కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పెట్టినవాళ్ళు ఇలాంటి రికార్డులే తవ్వి, దళారులు తమని ఎంతకు ముంచారో లెక్క తీశారు.

ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. నగరంలో తెల్లవాళ్ళు, నల్లజాతివాళ్ళు, లాటినోలు దాదాపు తలా ఒక మూడో వంతు. అయినా రెడ్ లైన్ రైలెక్కి ఉత్తరం నుంచి దక్షిణానికి వెళితే పెట్టెలో జనం ఎక్కడ మారిపోతారో కళ్ళతో చూడొచ్చు. 1980లో సుమారు 12 లక్షలున్న నల్లజాతి జనాభా 2020కి 8 లక్షల లోపుకి దిగింది. తక్కువ ధర ఇళ్ళకి విలువ ఎక్కువ కట్టి, ఖరీదైన ఇళ్ళకి తక్కువ కట్టి ఆస్తిపన్ను వేస్తున్నారని 2017లో షికాగో ట్రిబ్యూన్, ప్రోపబ్లికా బయటపెట్టాయి. సౌత్ సైడ్‌లో ఇల్లుంటే మూడేళ్ళకోసారి వచ్చే రీఅసెస్‌మెంట్ నోటీసుని పక్కన పడేయకండి. ముందు ఇంటి విలువ కట్టే అసెసర్ దగ్గర, తర్వాత బోర్డ్ ఆఫ్ రివ్యూ దగ్గర అప్పీలు చేయొచ్చు. ఒక్కో టౌన్‌షిప్‌కి గడువు వేరు.

మనవాళ్ళు ఎక్కువగా నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ లాంటి శివారు ఊళ్ళ వైపు ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి వాట్సాప్ గ్రూపుల్లో మొదట అందే సలహా సౌత్ సైడ్ వద్దు అన్నదే. చెప్పేవాళ్ళలో చాలామంది అక్కడ కాలు పెట్టి ఉండరు. ఆ షరతులు మన జోలికి రావనుకుంటే పొరపాటు. దేశంలో చాలాచోట్ల కాకేసియన్లకు మాత్రమే అని రాశారు, భారతీయులు చట్టం లెక్కలో తెల్లవాళ్ళు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఇల్లు చూపించే ఏజెంటుని ఇక్కడ ఎలాంటివాళ్ళుంటారు అని అడగకండి. జవాబిస్తే అది చట్టవిరుద్ధం కావచ్చు, అందుకే తెలివైనవాళ్ళు స్కూలు రేటింగు చూసుకోండి అని తప్పించుకుంటారు. అడక్కుండానే ఆ పేట మీకు సరిపడదని చెప్పినా, అడిగిన ఇల్లు చూపకుండా వేరే వైపు తిప్పినా, తేదీ, అడ్రసు, అన్న మాటలు అదే రోజు రాసిపెట్టుకోండి. హడ్ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ)కి ఫిర్యాదుకి ఏడాది, ఫెడరల్ కోర్టుకి రెండేళ్ళు గడువు. మెసేజీలుంటే స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, ఫోన్లో అన్న మాటకి మీరు రాసుకున్న కాగితం తప్ప వేరే రుజువుండదు.