క్యాబ్‌లో చెయ్యి విరిగాక పదహారు నెలలు

"బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పు. యాక్సిడెంట్ అంటే పోలీసు కేసు అవుతుంది, ఆస్పత్రి వాళ్లు చేర్చుకోరు."

క్యాజువాలిటీ గుమ్మం దగ్గర మా చిన్నాన్న కొడుకు నా చెవిలో అన్న మాట ఇది. వాడు నా మంచికే అన్నాడు. కుడి చెయ్యి చున్నీతో కట్టి ఉంది, మణికట్టు దగ్గర ఎముక పక్కకి తిరిగినట్టు కనపడుతోంది. ఆ నొప్పిలో సరే అనబోయాను. అప్పటికే నర్సు కేసు షీటు మీద "ఆర్.టి.ఏ." అని రాసేసింది. మనకి ఆర్.టి.ఏ. అంటే లైసెన్సులిచ్చే ఆఫీసే కదా, ఇక్కడెందుకు రాసిందా అనుకున్నాను. ఆస్పత్రి భాషలో రోడ్డు ప్రమాదమట. ఆ మూడక్షరాలు లేకపోయుంటే నా కేసు ఆ గుమ్మం దగ్గరే అయిపోయేదని నాలుగు నెలల తర్వాత లాయరమ్మ చెప్పింది.

అది 2024 ఆగస్టు 25, ఆదివారం. వరంగల్‌లో పెళ్లి చూసుకుని సికింద్రాబాద్ స్టేషన్లో దిగేసరికి పదకొండు దాటింది. వాన పడుతోంది. యాప్‌లో క్యాబ్ బుక్ చేశాను. ఫోటోలో ఉన్న మనిషి వేరు, స్టీరింగ్ దగ్గర కూర్చున్న కుర్రాడు వేరు. అడిగితే "మా బావది అక్కా ఐడీ, నేను నడుపుతున్న" అన్నాడు. దిగిపోవాల్సింది. ఆ వానలో, ఆ టైములో, రెండు బ్యాగులతో ఎవరు దిగుతారు? ఎక్కేశాను, వెనక సీట్లో బెల్టు కూడా పెట్టుకోలేదు. ఫ్లైఓవర్ దిగుతుంటే అతను ఫోన్ వైపు చూశాడు. బండి డివైడర్ ఎక్కింది. నేను ముందు సీటుకి చెయ్యి అడ్డం పెట్టాను, బరువంతా ఆ చేతి మీదే పడింది. వెనక బైకు మీద వస్తున్నాయన 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా గొడుగు పట్టుకుని నిలబడి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

ప్లేటు, ఆరు స్క్రూలు, నాలుగు రోజుల ఆస్పత్రి. మందులు, ఫిజియోథెరపీ అన్నీ కలిపి 1,62,000 రూపాయలు. ఆరోగ్య బీమా లేదు మాకు. గాజులు తాకట్టు పెట్టాం. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, 1.5 లక్షల వరకు నగదు కట్టకుండా వైద్యం చేయించుకునే కేంద్ర పథకం 2025 మే నెలలో వచ్చింది. నా చెయ్యి దానికంటే తొమ్మిది నెలల ముందే విరిగింది.

ఆపరేషన్ అయిన మర్నాడు ఆ కుర్రాడు వచ్చాడు. కనుబొమ మీద ప్లాస్టర్, చేతిలో యాపిల్ పళ్ల కవర్, జేబులో పదివేలు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "అక్కా, కేసు వద్దక్కా. బండి ఫైనాన్సుల ఉంది. స్టేషన్ల వెడితే కిస్తీలు ఎట్ల గట్టాలె?" నాకు కడుపులో దేవినట్టయింది. మావారైతే రాజీకి సగం ఒప్పేసుకున్నారు. కంప్లయింట్ రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్ కూడా "మీరూ మీరూ మాట్లాడుకుంటే మంచిదమ్మా" అన్నాడు. మన దగ్గర కేసంటే పగ. పాపం పేదోడి మీద కేసేంటి అని మా వీధిలో సగం మంది అన్నారు.

నేను ఎందుకు తగ్గలేదంటే, మంచితనం తక్కువై కాదు. పక్క బెడ్డు ఆవిడ కొడుకు బీమా ఏజెంటు. నా వేలితోనే బండి నంబరు కొట్టించి ఎంపరివాహన్ యాప్‌లో (బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్ అది) చూపించాడు: ఆ క్యాబ్‌కి ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలుంది. "అక్కా, డబ్బు కట్టేది అతను కాదు, కంపెనీ. ఎఫ్.ఐ.ఆర్. లేకపోతే కంపెనీ మీ మొహం కూడా చూడదు" అన్నాడు. ఆ పదివేలు తిరిగిచ్చేశాను. పళ్లు ఉంచుకున్నాను.

ఎఫ్.ఐ.ఆర్. మూడో రోజు అయింది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125(ఎ) అని రాశారు. 125(ఎ) అంటే మామూలు దెబ్బ. ఎముక విరిగితే తీవ్ర గాయం, 125(బి) పడాలి. ఎక్స్‌రే రిపోర్టు పట్టుకుని మావారు రెండుసార్లు స్టేషన్‌కి తిరిగితే మార్చారు. అక్షరం మారితే ఏముందిలే అనుకున్నారాయన. తర్వాత కోర్టులో కంపెనీ లాయరు మొట్టమొదట తిరగేసిన కాగితం అదే.

క్యాబ్ యాప్ సంగతి చెబితే నవ్వొస్తుంది. ప్రమాదం జరిగిందని మెసేజ్ పెడితే "మీ భద్రతే మాకు ముఖ్యం" అని వచ్చింది. ట్రిప్ ఇన్సూరెన్స్ సంగతి అడిగితే మళ్లీ అదే వాక్యం. నాలుగో రోజు కిరాయి 312 రూపాయలు వాపసు వచ్చింది. దాంతోపాటు నా జాబితాలో ఆ ట్రిప్పు రద్దయినట్టు మారిపోయింది! అదృష్టం, మావారు మొదటి రాత్రే బండి నంబరు, టైము, ఎక్కిన చోటు అన్నీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీశారు. లేకపోతే నేను ఆ బండిలో కిరాయి ఇచ్చి ఎక్కిన ప్రయాణికురాలినని చెప్పుకోవడానికి ఏం మిగిలేది?

ఇక ఆస్పత్రి కారిడార్లో ఒకాయన పరిచయమయ్యాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. "పైసా పెట్టొద్దమ్మా, వచ్చినదాంట్లో ముప్ఫై శాతం ఇవ్వండి చాలు" అన్నాడు. ఖాళీ వకాలత్ (మన తరఫున వాదించమని లాయరుకి రాసిచ్చే కాగితం) మీద సంతకం కూడా అడిగాడు. నా కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి తప్పించుకున్నాను, నిజంగా. వచ్చే పరిహారంలో వాటా అడగడం లాయర్లకి బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే కుదరదని అప్పటికి నాకు తెలియదు.

ఎముక అతుక్కుంటే చూద్దాంలే అని నాలుగు నెలలు కూర్చున్నాను. ఇది నేను చేసిన పెద్ద తప్పు. 2022 ఏప్రిల్ నుంచి మారిన చట్టంలో క్లెయిమ్ పిటిషన్‌కి, అంటే పరిహారం అడిగే అర్జీకి, ప్రమాదం తేదీ నుంచి ఆరు నెలలే గడువు పెట్టారు. జనవరిలో, నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే కస్టమర్ ఒకావిడ మాటల్లో చెప్పింది, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని. నమ్మలేదు. 15100కి ఫోన్ చేశాను, నిజమే. కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవాధికార సంస్థ గదికి వెళ్లి ఒక దరఖాస్తు, ఆధార్ ఇచ్చాను. పది రోజుల్లో ఒక లాయరమ్మని కేటాయించారు.

ఆవిడ మొదటి ప్రశ్న: "ఫిబ్రవరి 25 దాటలేదు కదా?" రెండోది: "పోలీసుల రిపోర్టు అందిందా?" కొత్త నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి (ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు) పంపాలట, దాన్నే క్లెయిమ్‌గా తీసుకోవచ్చట. "కాగితం మీద బాగుంటుంది. మనం దాని కోసం ఆగొద్దు" అని పిటిషన్ వేసేశారు. దాన్ని ఎం.వి.ఓ.పి. (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. డ్రైవరు, ఓనరు, బీమా కంపెనీ ప్రతివాదులు. ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయాలని లేదు, మనం ఉండే చోట కూడా వేయొచ్చు.

ఈ లోపు కంపెనీ వైపు నుంచి ఫోన్. తప్పు ఎవరిదన్న వాదన లేకుండా రెండున్నర లక్షలు ఇచ్చేస్తాం, సంతకం పెట్టండి అని. తీవ్ర గాయానికి చట్టంలో 164వ సెక్షన్ కింద ఆ మొత్తం ఉన్న మాట నిజమే. తాకట్టు వడ్డీ పెరుగుతోంది, నేను ఊగిసలాడాను. అది తీసుకుంటే ట్రిబ్యునల్లో పిటిషన్ రద్దయిపోతుందని లాయరమ్మ చెప్పాక ఆగాను.

మా పిటిషన్‌కి జవాబుగా కంపెనీ వేసిన కౌంటర్ చదివితే నేనే ముద్దాయినేమో అనిపించింది. యాప్‌లో ఉన్న డ్రైవరు అతను కాదు. ఆమె బెల్టు పెట్టుకోలేదు. డ్రైవర్ లైసెన్సులో ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ (కిరాయి బండి నడపొచ్చన్న ముద్ర) లేదు. ఆదాయానికి రుజువు లేదు. మొదటిదానికి లాయరమ్మ ఒక్క మాట చెప్పారు: పాలసీ బండికి, ఐడీకి కాదు. నడిపినవాడికి సరైన లైసెన్సు ఉంటే చాలు. లైసెన్సు గొడవ కూడా నా టైముకే తీరింది. మామూలు ఎల్.ఎం.వి. (తేలికపాటి బండ్ల) లైసెన్సుతో 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఒకవేళ లైసెన్సే లేకపోయినా, కంపెనీ ముందు నాకు కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించడం ఉందట. బెల్టు విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. పెట్టుకోలేదు, అంతే.

(మా తమ్ముడు రోజూ బైక్ టాక్సీ ఎక్కుతాడు. తెల్ల నంబరు ప్లేటు (అంటే సొంత వాడకం బండి), ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్న బైకైతే వెనక కూర్చున్నవాడికి ఆ పాలసీ వర్తించదు. వాడికి చెప్పాను. ఇప్పుడు పసుపు ప్లేటు చూసి ఎక్కుతున్నాడు, ఎక్కినప్పుడల్లా నాకు ఫోటో పంపి విసిగిస్తున్నాడు.)

అసలు కష్టమంతా ఆదాయం దగ్గర వచ్చింది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. జీతం చీటీ ఎక్కడిది? లాయరమ్మ అడిగితే సిగ్గుపడుతూ నా ఆర్డర్ల పుస్తకం ఇచ్చాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్ బుక్, పసుపు మరకలు, ప్రతి పేజీలో కొలతలు, అడ్వాన్సు, బాకీ, పక్కన గుడ్డ ముక్క పిన్ను చేసి. ఆవిడ ఆ పుస్తకం పట్టుకుని పది నిమిషాలు ఏం మాట్లాడలేదు. "దీనికంటే మంచి రుజువు ఏం కావాలమ్మా" అన్నారు. దాన్ని ఫోన్‌పే లెక్కలతో, బ్యాంకు స్టేట్‌మెంటుతో జత చేశాం. నెలకి పద్దెనిమిది వేలని మేమన్నాం, చివరికి పదిహేను దగ్గర ఆగింది.

మెడికల్ బోర్డు నా చేతికి 12 శాతం వైకల్యం రాసింది. కేసు రాజీ కోసం లోక్ అదాలత్‌కి వెళ్లింది. ఆ గదిలో కంపెనీ లాయరు దాన్నే పట్టుకున్నాడు, పన్నెండు శాతమే కదా, అందులోనూ చెయ్యి మాత్రమే అని. మధ్యలో కూర్చున్న జడ్జిగారు నన్ను అడిగారు: "అమ్మా, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నారు?" మిషన్ తొక్కగలను, హెమ్మింగ్ చేయగలను అన్నాను. కత్తెరతో చంక రౌండు తిప్పలేను. నేరుగా కట్ చేస్తే సరే, ఒంపు దగ్గరికి వచ్చేసరికి మణికట్టు తిరగదు, గుడ్డ పళ్లు పళ్లుగా తెగుతుంది. చున్నీ కొంగు తీసి వేళ్లతో చూపించాను. గదిలో ఉన్న లేడీ కానిస్టేబుల్ "అవును సార్, చంక దగ్గరే బ్లౌజు పోయేది" అంది. అందరూ నవ్వారు, కంపెనీ లాయరుతో సహా.

సర్టిఫికెట్లో శాతం వేరు, ఆ చెయ్యి నీ పనికి ఎంత పోయిందన్నది వేరని, పరిహారానికి రెండోదే లెక్క అని అప్పుడు తెలిసింది. మేము 15 శాతం అడిగాం. నా వయసు 38 కాబట్టి గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలన్న లెక్క) 15. నలభై లోపు సొంత పని చేసుకునేవాళ్లకి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, అంటే నెలకి 21,000. ఏడాదికి 2,52,000, దాన్ని 15తో హెచ్చవేసి అందులో 15 శాతం తీస్తే 5,67,000. పదిశాతమే అంటే 3,78,000. ఇవి కాక ఆస్పత్రి బిల్లులు, పని లేని నాలుగు నెలలు, నొప్పి. మా లెక్క ఎనిమిది లక్షలు దాటింది, వాళ్లది ఆరున్నర. 7,25,000 దగ్గర కుదిరింది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, మాకూ వాళ్లకీ. ఇంకో రెండేళ్లు వాదించి ఉంటే ఎక్కువ వచ్చేదేమో. నాకు ఓపిక లేదు.

ఆ కుర్రాడు కూడా వచ్చాడు ఆ రోజు. బండి ఎప్పుడో బయటికి వచ్చిందట, ఇప్పుడు సొంత ఐడీ మీదే నడుపుతున్నాడట. "చెయ్యి ఎట్లుందక్కా" అన్నాడు. చూపించాను.

డబ్బు నెలన్నరలో ఖాతాలో పడింది. గాజులు విడిపించాను. కటింగ్‌కి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను, నెలకి తొమ్మిది వేలు. చంక రౌండు మాత్రం ఇప్పటికీ సుద్దముక్కతో నేనే గీసిస్తాను, ఆ గీత మీద తను కత్తిరిస్తుంది.