కార్ల్స్‌బాడ్ అమరికతో రెండు నెలలు

ఎక్కడా పెద్ద తప్పు చేయకుండానే ఓడిపోయిన చెస్ గేమ్ ఒకటుంది. ఇరవయ్యో ఎత్తు వచ్చేసరికి నా పావులన్నీ ఒకదానికొకటి అడ్డం. అప్పటిదాకా రోజూ పజిల్సే చేసేవాణ్ణి. వాటిని పావుగంటకు తగ్గించి, మిగతా టైమంతా ఒకే బంట్ల అమరికకు ఇచ్చాను.

క్వీన్స్ గ్యాంబిట్ అనే ఓపెనింగ్‌లో, మనవి తెల్లపావులైతే, మన సి4 బంటు (సి నిలువు వరుసలో మన వైపు నుంచి నాలుగో గడి) డి5 బంటుని చంపాక, నల్లపావుల వాళ్లు ఈ6 బంటుతో తిరిగి చంపితే వచ్చేదే కార్ల్స్‌బాడ్. మంత్రి వైపు మనవి రెండు బంట్లు, వాళ్లవి మూడు. బి బంటుని బి4, బి5 అంటూ తోసి సి6 మీద ఢీకొట్టించాలి. దీన్నే మైనారిటీ ఎటాక్ అంటారు. వాళ్లు బి5లో చంపితే డి5 బంటు ఒంటరి. మనం సి6లో చంపితే, వాళ్లు బి బంటుతో తీసుకున్నాక ఆ సి6 బంటుని ఆటంతా కాపలా కాస్తూ కూర్చోవాలి.

వినడానికి తేలికే. మొదటి మూడు గేముల్లో తొందరపడి బి5 తోసేశాను. ఈలోగా అవతలి గుర్రం ఈ4లో దిగింది, ఏనుగు ఈ6 మీదుగా హెచ్6కి వచ్చింది. నా రాజు పని అయిపోయింది.

ఇంకో పొరపాటు తెల్లగళ్ల బిషప్‌ది. (చిన్నప్పుడు శకటు అనేవాళ్లం, ఇప్పుడు నోరు తిరగట్లేదు.) వాళ్ల బంట్లు సి6, డి5లో, అంటే తెల్లగళ్లలోనే ఉన్నాయి కాబట్టి వాళ్ల తెల్లగళ్ల బిషప్ వాళ్లకే బరువు. నేనేమో ఎఫ్5లో నా బిషప్‌తో దాన్ని సంతోషంగా మార్చుకుని ఆ బరువు దించేవాణ్ణి. ఇప్పుడు నా బిషప్‌ని డి3లో, మంత్రిని సి2లో ముందే పెట్టి ఎఫ్5 మీద కన్నేసి ఉంచుతున్నా.

వారానికి మూడు గేములు, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్లస్ ఎత్తుకి 10 సెకన్లు. గేమ్ అయ్యాక ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరవకముందే పన్నెండో ఎత్తు దగ్గర ఆగి నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాస్తాను: నా పావుల్లో ఖాళీగా కూర్చున్నది ఏది, ఏ మార్పిడి నాకు కావాలి. మొదట్లో రెండోదానికి జవాబే రాసేవాణ్ణి కాదు.

మొత్తం 24 గేములు. అందులో ఈ అమరిక వచ్చింది ఏడింటిలోనే. రేటింగ్ 1420 నుంచి 1455. ఒక గేమ్‌లో సి6 బంటు గెలిచి కూడా ఏనుగుల ఎండ్‌గేమ్‌లో (పావులు కొన్నే మిగిలిన చివరి దశలో) డ్రా చేసుకున్నా. ఆ రాత్రి 1924 న్యూయార్క్‌లో టార్టకోవర్ మీద అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకా ఆడిన గేమ్‌ని, తర్వాతి ఎత్తు కాగితంతో కప్పి ఊహిస్తూ చూశాను. రెండు బంట్లు చెక్‌తో పోతున్నా పట్టించుకోకుండా రాజుని హెచ్4, జి5 మీదుగా ఎఫ్6కి నడిపించాడు. నేనైతే సి3 బంటుని కాపాడుకుంటూ ఉండేవాణ్ణి.

మొన్నటి గేమ్‌లో కొత్త చిక్కు. నేను బి4 వేయగానే అవతలివాడే బి5 వేసి, గుర్రాన్ని బి6 మీదుగా సి4లో కూర్చోబెట్టాడు. సి6 బంటు బలహీనమే, కానీ నా ఏనుగుకి గుర్రం అడ్డం. ఈ నెల ఎఫ్3, ఈ4తో మధ్యలో తోసే పద్ధతి ఆడి చూడాలి. దానికి నా గుర్రం ఎఫ్3కి కాకుండా ఈ2కి వెళ్లాలి, ఆ సంగతి మొదటి పది ఎత్తుల్లోనే తేల్చుకోవాలి.