మే నెల ఒక్కటే కాదు, అక్టోబరునూ చూడండి

వేడి పెరిగిందనగానే అందరూ ఎండాకాలం గురించే మాట్లాడతారు. భారత వాతావరణ శాఖ లెక్కల్లో 1901 నుంచి చూస్తే 2024 దేశానికి అత్యంత వేడి సంవత్సరం. 1991–2020 సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ. జనవరి–ఫిబ్రవరిలో ఆ తేడా 0.37, మార్చి–మేలో 0.56, జూన్–సెప్టెంబరులో 0.71. అక్టోబరు–డిసెంబరులో ఏకంగా 0.83! శనగ విత్తే రోజులవి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

మీ ఊళ్లో ఈ తేడా ఎంతో లెక్క వేయాలంటే రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగించండి. వాటి నుంచి నెల సగటు తీసి, అదే వాతావరణ స్టేషన్‌కు అదే నెల 1991–2020 సగటును అందులోంచి తీసేయండి. రాష్ట్రం మొత్తానికి లెక్క కావాలంటే అన్ని స్టేషన్ల డిగ్రీలను నేరుగా కలిపేయొద్దు. ఊటీ రికార్డు ఒక్క ఏడాది లేకపోతే చాలు, తమిళనాడు ఉన్నట్టుండి వేడెక్కినట్టు కనిపిస్తుంది. తేడాలను సగటు చేస్తే ఆ చిక్కు చాలావరకు పోతుంది.

థర్మామీటరు ఉండే స్టీవెన్సన్ పెట్టె తలుపు మన దగ్గర ఉత్తరానికి ఉండాలి, తెరిచినప్పుడు లోపల ఎండ పడకుండా. పైన తెల్లరంగు మాసిపోతే పగటి గరిష్ఠం ఎక్కువ చూపిస్తుంది. స్టేషన్ చోటు మారిన ఏడాది గ్రాఫు మెట్టెక్కినట్టు ఒక్కసారిగా లేస్తుంది, లేదా పడుతుంది. దాన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేయకుండా, చుట్టుపక్కల స్టేషన్లతో పోల్చి సరిచేయండి.