తెర్తియు అను నేను

మొన్న ఆదివారం వాక్యం చదవడానికి లేచిన అబ్బాయి, రోమాలోని విశ్వాసులకు అపొస్తలుడైన పౌలు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, చివరిదైన 16వ అధ్యాయం తీసి రెండు వచనాలు చదివి ఆగిపోయాడు. కింద అన్నీ అసుంక్రితు, ప్లెగో, పత్రొబ లాంటి నోరు తిరగని పేర్లు. "మిగతావన్నీ పేర్లేనండీ" అని నవ్వి బైబిలు మూసేశాడు. సంఘం కూడా నవ్వింది. నాకు ప్రాణం ఉసూరుమంది. వాడిని అని ఏం లాభం? 15వ అధ్యాయం చివర ఆమేన్ కనబడగానే పత్రిక అయిపోయిందనుకునేవాళ్లమే మనలో ఎక్కువ.

పేర్లే, కాదనను. 24 పేర్లు, పేరు రాయని మరో ఇద్దరు. అందరికీ వందనాలు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి మనం పడేసే "వందనాలండీ" లాంటివి కావు అవి. పెర్సిసు ప్రభువునందు బహుగా ప్రయాసపడిందని పౌలుకు గుర్తుంది. రూఫు తల్లి పేరు రాయలేదు గానీ, "ఆమె నాకును తల్లి" అన్నాడు. ఏ ఇంట్లోనో ఆమె పెట్టిన అన్నం తిని ఉంటాడు.

నన్ను వదలకుండా పట్టుకున్నది మాత్రం 22వ వచనం. "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను ప్రభువునందు మీకు వందనములు చేయుచున్నాను."

అప్పటిదాకా "నేను" అంటే పౌలే. ఉన్నట్టుండి ఇంకెవరో "నేను" అంటున్నారు. పౌలు చెబుతుంటే కూర్చుని రాసిన లేఖికుడు. క్రీ.శ. 57 ప్రాంతంలో, కొరింథులో, రెల్లు కలం మసి సిరాలో ముంచుకుంటూ ఇన్ని వచనాలు రాశాడు. మొత్తం 433లో తనది ఒక్కటే. "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అన్న మాట మనం కేలండర్ల మీద అచ్చేసుకుంటాం, గోడకు ఫ్రేము కట్టించి తగిలించుకుంటాం. రోమాలో ఎవరికీ అందకముందే ఆ మాట ఈ మనిషి చెవిన పడింది. అక్కడ ఒక్క క్షణమైనా ఆ కలం ఆగలేదంటే నేను నమ్మను. పౌలు ఇంకా చాలా పత్రికలు రాయించాడు. వాటిని రాసిన చేతుల్లో ఏ ఒక్కటీ ఇలా బయటికొచ్చి తన పేరు చెప్పుకోలేదు.

అసలు ఆ పేరు చూడండి. లాటిన్‌లో తెర్తియు అంటే మూడోవాడు. తర్వాతి వచనంలో ఉన్న క్వర్తు అంటే నాలుగోవాడు. రోమీయులు బానిసలకు ఇలాంటి అంకెల పేర్లు పెట్టేవారు. స్వతంత్రుల్లోనూ ఆ పేర్లు ఉండేవి కాబట్టి వీళ్లిద్దరూ బానిసలేనని గట్టిగా చెప్పలేం. కానీ మన ఇళ్లలో నడిపోడిగా పుట్టినవాళ్లకు ఆ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త చొక్కా పెద్దోడికి, ముద్దు చిన్నోడికి. మధ్యలోవాడు అన్నం తిన్నాడో లేదో రాత్రి దీపం ఆర్పేటప్పుడు గుర్తొస్తుంది. అలాంటి ఒక మూడోవాడి చేతిలో దేవుడు రోమా పత్రిక పెట్టాడు.

క్వర్తు పక్కనే పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు ఉన్నాడు. 1929లో కొరింథు తవ్వకాల్లో, ఎరస్తు అనే అధికారి తన సొంత ఖర్చుతో బాట పరిపించాడని చెక్కిన రాయి బయటపడింది. ఇద్దరూ ఒకరేనా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఆ రాయి ఫొటో చూసినప్పుడల్లా నాకు మా గుడి ఫ్యాన్లు గుర్తొస్తాయి. మూడు రెక్కల మీదా ఎర్ర పెయింటుతో దాత పేరు ఉంటుంది. స్విచ్ వేస్తే కనబడదనుకోండి, అది వేరే సంగతి. క్వర్తుకు పదవీ లేదు, రాయీ లేదు. "సహోదరుడగు క్వర్తు" అని రాయించి ఊరుకున్నాడు పౌలు.

నేను ఇదంతా ఊరికే తవ్వుకోలేదు. మా సంఘానికి 50 ఏళ్లు నిండినప్పుడు జూబిలీ సావనీర్‌కు చరిత్ర రాసింది నేనే. మూడు నెలలు, ఆఫీసు నుంచి వచ్చాక, చెదలు తిన్న మినిట్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. అచ్చయి వచ్చాక చివరి పేజీ కృతజ్ఞతల్లో టెంటువాళ్లున్నారు, వంటవాళ్లున్నారు, ఫ్లెక్సీవాళ్లున్నారు. నేను లేను. ఆ రోజు సభలో పదకొండుమందికి శాలువాలు కప్పారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి ఏడ్చాను. "దేవుడి కోసం చేశావు కదా, పేరెందుకమ్మా" అన్నారు ఒక పెద్దాయన. శాలువా ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

ఆ రాత్రి ఈ వచనం దగ్గర ఆగాను. తెర్తియు "నేను" అన్నాడు. గర్వమని పౌలు కొట్టేయించలేదు. పరిశుద్ధాత్మ దేవుడు ఆ మాటను లేఖనంలోనే ఉంచాడు. కాబట్టి ఎవరూ పట్టించుకోలేదని మనసు నొచ్చుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ నొప్పిని పాపంలా దాచుకోకండి. ప్రభువు దగ్గర చెప్పుకోండి. కోపంతో పని మాత్రం మానకండి. హెబ్రీ 6:10 తీసి చూడండి. మీరు చేసినది మరచుటకు దేవుడు అన్యాయస్థుడు కాడట. మరచిపోతే అది అన్యాయమవుతుందని వాక్యమే ఒప్పుకుంటోంది. సంఘ పెద్దలూ ఆ వచనం చదివితే బాగుంటుంది.

నెల తర్వాత కాబోలు, గంట మామ్మ చాపలు చుట్టిపెడుతూ అడిగింది. "పుస్తకంలో మన గంట గురించి రాశావంటగా అమ్మా?" రాశాను. ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు, బరువెంత, అన్నీ రాశాను. ప్రతి ఆదివారం మూడుసార్లు దాన్ని మోగించే మనిషి గురించి ఒక్క ముక్క లేదు. పేరు కూడా తెలియదు నాకు. అందరిలాగే గంట మామ్మ అనేదాన్ని.

బాప్తిస్మపు రిజిస్టరు తీసి వెతికాను. దొరికింది. ఆ పేరు ఆమెను అడక్కుండా ఇక్కడ రాయను. ఆ రిజిస్టరు పట్టుకెళ్లి మామ్మ ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు. "ఏదీ, ఎక్కడ?" అంటూ చెయ్యి చీరకు తుడుచుకుని వేలు పెట్టింది. ఒక వరుస కింద పెట్టింది. వేలు పట్టుకుని పై వరుసకు జరిపాను.